ఆ పిల్లని రానిచ్చారా?

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. సోమవారం పొద్దున్నే విమానమెక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరే బాపతు. ఈ కార్యక్రమంలో మాట్లాడమన్నప్పుడు ముందు కుదరదనే చెప్పాను. తర్వాత, మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నకి జవాబు కోసం విమానాల్లో కూర్చుని నేను చదివినదంతా గుర్తొచ్చింది. అదే చెప్తాను, తప్పులుంటే మన్నించండి.

అమ్మ పోయిన వేసవిలో మా దగ్గరికి ఒహాయో వచ్చింది. మా పక్కింటివాళ్ళ అబ్బాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అంటే అందరం కలిసి వెళ్ళాం. పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు గౌన్లు వేసుకుని ఒక్కొక్కరే వేదికెక్కుతున్నారు. మా ముందు వరుసలో ఒకావిడ నాలుగైదు నెలల పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకమ్మాయి పేరు పిలవగానే ఆవిడ ఆ పిల్లని రెండు చేతులా పైకెత్తి చూపించింది. అంతా అయ్యాక ఆ అమ్మాయి గౌనుతోనే వచ్చి బిడ్డని అందుకుని, టోపీ తీసి బిడ్డ నెత్తిన పెట్టింది. అప్పటిదాకా నాకు అర్థం కాలేదు, అమ్మకి ముందే అర్థమైంది.

కారెక్కాక అడిగింది. "ఏరా, ఆ పిల్లని కడుపుతో ఉండగా బడికి రానిచ్చారా?"

"ఇక్కడ రానిస్తారమ్మా, అది చట్టం" అన్నాను. అన్నానే గాని ఏ చట్టమో, ఎప్పటిదో నాకు తెలీదు. మొదట్నించీ ఇక్కడ ఇంతేననుకున్నాను. మనలో చాలామంది అలాగే అనుకుంటాం కదా, అమెరికా ఆకాశంలోంచి ఇలాగే ఊడిపడిందని. చదవడం మొదలెట్టాక తెలిసింది, అమ్మ పుట్టేనాటికి ఈ దేశంలో కూడా రానిచ్చేవాళ్ళు కాదని.

అమ్మ పుట్టింది 1973లో. అంతకు ముందు ఇక్కడి ఆచారం ఏమిటంటే, ఆడపిల్ల కడుపుతో ఉన్నట్టు తెలియగానే బడి రిజిస్టరులోంచి పేరు కొట్టేయడం. చాలా ఊళ్ళలో పెళ్ళయినా అంతే. ఇందులో ఒక తమాషా ఉంది. పదిహేను, పంతొమ్మిదేళ్ళ మధ్య అమ్మాయిలకి పిల్లలు పుట్టడం ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఇప్పుడు కాదు, 1957లో. ఆ ఏడు వెయ్యిమందికి 96 మంది తల్లులయ్యారు. "ఆ రోజుల్లో పిల్లలు బుద్ధిగా ఉండేవాళ్ళు" అని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్పుకునే రోజులే అవి. తేడా ఏమిటంటే అప్పటి తల్లుల్లో ఎక్కువమంది హడావుడిగా పెళ్ళి చేసుకుని, చదువు మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్ళు. పెళ్ళయింది కాబట్టి ఎవరికీ అది సమస్యగా కనపడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పెళ్ళి కాని తెల్లవాళ్ళ పిల్లలకి ఇంకో దారి ఉండేది. "అత్తయ్యకి ఒంట్లో బాగోలేదు, సాయానికి వెళ్ళింది" అని చుట్టుపక్కల చెప్పి, దూరపు ఊళ్ళో ప్రసూతి ఆశ్రమానికి పంపేవాళ్ళు. ఫ్లోరెన్స్ క్రిటెంటన్ పేరుతో అలాంటి ఆశ్రమాలు దేశమంతా ఉండేవి. అక్కడే కని, బిడ్డని దత్తతకిచ్చి, ఏమీ జరగనట్టు తిరిగిరావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పాతికేళ్ళలో ఇలా బిడ్డల్ని వదులుకున్న తల్లుల మాటల్ని ఆన్ ఫెస్లర్ అనే ఆవిడ సేకరించి 2006లో పుస్తకంగా తెచ్చింది. నేను దాన్ని విమానంలో చదవకుండా ఉండాల్సింది. పక్క సీటాయన రెండుసార్లు మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

నల్లవాళ్ళ పిల్లలకి ఆ ఆశ్రమాల తలుపులు చాలావరకు మూసే ఉండేవి. వాళ్ళు ఇంట్లోనే కని, బిడ్డని ఇంట్లోనే పెంచుకునేవాళ్ళు. అందుకని "బిడ్డ ఉండగా చదువెలా?" అన్న ప్రశ్న ముందుగా తగిలింది వాళ్ళకే. జవాబు కోసం మొదటి గట్టి ప్రయత్నం కూడా నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వాషింగ్టన్ నగరంలో జరిగింది. 1963లో అక్కడ వెబ్‌స్టర్ స్కూల్ అనే పాత బడిలో, ప్రభుత్వ చిల్డ్రన్స్ బ్యూరో డబ్బుతో, గర్భంతో ఉన్న విద్యార్థినుల కోసం ఒక ప్రయోగం పెట్టారు. మామూలు పాఠాలు, ఆరోగ్య పరీక్షలు, సోషల్ వర్కర్లు, మూడూ ఒకే కప్పు కింద. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అప్పటిదాకా ఈ పిల్లల గురించి పట్టించుకున్నవాళ్ళంతా వాళ్ళ నడవడిక బాగుచెయ్యాలనే చూశారు. లెక్కలు, ఇంగ్లీషు మిగతా పిల్లల్లాగే కొనసాగాలనీ, ప్రసవమయ్యాక మళ్ళీ మామూలు బడికి వెళ్ళిపోవాలనీ అనుకున్నవాళ్ళు తక్కువ. కొద్ది ఏళ్ళలోనే దాన్ని చూసి ఇంకా చాలా నగరాల్లో అలాంటి విడి బడులు పెట్టారు.

విడి బడి ఒక దారి. ఉన్న బడిలోనే ఉంటానని పట్టుబట్టడం ఇంకో దారి. ఆ రెండో దారి కోర్టుల మీదుగా వెళ్ళింది.

మిసిసిపీ రాష్ట్రంలో గ్రెనాడా అని ఒక చిన్న ఊరుంది. అక్కడ ఇద్దరమ్మాయిలు పెళ్ళి కాకుండా తల్లులయ్యారు. ప్రసవం తర్వాత మళ్ళీ హైస్కూల్లో చేరతామంటే చేర్చుకోమన్నారు. ఫెడరల్ కోర్టుకి వెళ్ళారు. 1969లో తీర్పొచ్చింది. పెళ్ళి కాని తల్లి అన్న ఒక్క కారణంతో బడి తలుపు మూయడానికి వీల్లేదని జడ్జిగారన్నారు. కానీ వెంటనే ఒక మెలిక పెట్టారు. సక్రమంగా విచారణ జరిపి, ఈ అమ్మాయి వస్తే మిగతా పిల్లలు చెడిపోయేంతగా నడవడిక లోపించిందని తేలితే మాత్రం ఆపవచ్చట. సగం తెరిచిన తలుపు అది. ఆ బిడ్డల తండ్రుల నడవడిక మీద విచారణ ఊసే ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ళ తర్వాత, 1971లో, మసాచుసెట్స్‌లో ఇంకో కేసు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, హైస్కూల్ ఆఖరి ఏడు. జనవరిలో తనంత తనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి తను గర్భవతినని చెప్పింది. పెళ్ళికాని విద్యార్థిని గర్భవతి అని తెలియగానే పేరు తొలగించాలని ఆ బడి నియమావళిలో ఉంది. ఫిబ్రవరి 12 తర్వాత క్లాసులకి రావద్దన్నారు. కానీ మరీ కఠినంగా ఉండకూడదని కాబోలు, కొన్ని వెసులుబాట్లు ఇచ్చారు. రిజిస్టరులో పేరుంటుంది. ట్యూటర్ని పెడతారు. లైబ్రరీ వగైరా అన్నీ వాడుకోవచ్చు, కాకపోతే బడి వదిలిపెట్టే వేళ అయిన మధ్యాహ్నం 2 గంటల 16 నిమిషాల తర్వాత. ఆటల పోటీలకీ, నాటకాలకీ, డాన్సులకీ నిరభ్యంతరంగా రావచ్చు!

ఆ 2:16 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాత్రి డాన్సుకి వస్తే ఫరవాలేదు, పగలు ఆల్జీబ్రాకి వస్తే ప్రమాదం. జడ్జిగారికీ అదే అర్థం కాలేదు. ఆ అమ్మాయి ఆరోగ్యంగా ఉందనీ, క్లాసులకి వెళ్ళొచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆమె వల్ల క్లాసులో ఏ అలజడీ జరగలేదని తేలింది. తీసేస్తేనే మనసుకి దెబ్బ అని సాక్ష్యం వచ్చింది. ఆమె క్లాసులో ఉండకూడదనడానికి బడివాళ్ళు ఒక్క కారణం కూడా చూపించలేకపోయారు. మార్చిలో ఆమెని మామూలు విద్యార్థినిగా తిరిగి చేర్చుకోమని ఉత్తర్వు వచ్చింది.

అసలు కారణం ఏమిటో ఇంకో కేసులో బయటపడింది. అది పిల్లలది కాదు, పాఠాలు చెప్పే పంతులమ్మలది. మా ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌లో, గర్భవతైన టీచరు ప్రసవానికి అయిదు నెలల ముందే జీతం లేని సెలవు మీద ఇంటికెళ్ళాలి. బిడ్డకి మూడు నెలలు నిండాక, ఆ తర్వాత మొదలయ్యే సెమిస్టరుకి గాని తిరిగి రాకూడదు. ఆవిడ ఒంట్లో ఓపిక ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. 1974 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని కొట్టేసింది. ఇలాంటి నియమాల వెనక ఉద్దేశాల్లో ఒకటి, నిండు చూలాలిని పిల్లలు చూడకుండా చెయ్యడం. మా టీచరు పుచ్చకాయ మింగేసింది అని పిల్లలు నవ్వుతారని ఒక బోర్డు మెంబరుగారు సాక్ష్యంలో చెప్పారట. అంటే ఇన్నాళ్ళూ ఆరోగ్యం, క్రమశిక్షణ అని చెప్పినదంతా కంటికి కనిపించకూడదన్న దాని గురించే. కనిపించకపోతే లేనట్టే కదా.

ఇక చట్టం. మన పిల్లలకి టైటిల్ నైన్ అంటే ఆడపిల్లల సాకర్, బాస్కెట్‌బాల్ టీములు గుర్తొస్తాయి. 1972 జూన్ 23న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం చేసిన ఆ చట్టం అసలు వాక్యం ఇంగ్లీషులో 37 మాటలే. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపించకూడదని దాని సారం. అందులో ఆటల మాటా లేదు, గర్భం మాటా లేదు. దాన్ని నడిపించినవాళ్ళలో ముగ్గురి పేర్లు చెప్తారు: ఒరెగాన్ నించి ఈడిత్ గ్రీన్, హవాయి నించి ప్యాట్సీ మింక్, సెనేట్‌లో బర్చ్ బై. ప్యాట్సీ మింక్ గారు జపాన్ నించి వలస వచ్చినవాళ్ళ మనవరాలు. డాక్టరవ్వాలనుకుంటే మెడికల్ కాలేజీలు సీటివ్వలేదు. 1951లో లా పాసైతే, పెళ్ళయింది, చంటిబిడ్డ ఉందని లా ఆఫీసులు ఉద్యోగం ఇవ్వలేదు. తల్లయినందుకు తలుపు మూయించుకోవడం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ పోయాక, 2002లో, ఈ చట్టానికి ఆవిడ పేరే పెట్టారు.

చట్టం వచ్చిన మూడేళ్ళకి, 1975లో, దాన్ని ఎలా అమలు చెయ్యాలో చెప్పే నిబంధనలు వచ్చాయి. దేశంలో గొడవంతా ఫుట్‌బాల్ బడ్జెట్ల మీద జరిగింది. ఆ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక నిబంధన నిశ్శబ్దంగా లోపలికి వచ్చి కూర్చుంది. మా పనిలో కూడా అంతే, అసలు సంగతి ఎప్పుడూ అనుబంధంలోనే ఉంటుంది. ఆ నిబంధన సారం నా మాటల్లో చెప్తాను. గర్భం, ప్రసవం, గర్భస్రావం, వాటినించి కోలుకోవడం, వీటిలో ఏ కారణంతోనూ విద్యార్థినిని ఏ క్లాసునించీ, ఏ కార్యక్రమంనించీ తప్పించకూడదు. విడి బడికి వెళ్ళడం ఆమె ఇష్టం, బలవంతం చెయ్యకూడదు. ఆ విడి బడిలో చదువు మిగతా పిల్లల చదువుకి దీటుగా ఉండాలి. మిగతా జబ్బులకి డాక్టరు కాయితం అడగనప్పుడు దీనికీ అడగకూడదు. డాక్టరు అవసరమన్నన్నాళ్ళు సెలవివ్వాలి. తిరిగొచ్చాక, సెలవు మొదలైనప్పుడు ఏ స్థానంలో ఉందో అదే స్థానంలో చేర్చుకోవాలి.

యాభై ఏళ్ళుగా అసలు నిబంధన ఇదే. 2024లో దీన్ని ఇంకా పెంచి, పాలివ్వడానికి విడిగా చోటు చూపించాలి వగైరా చేర్చారు గాని, 2025 జనవరిలో ఒక ఫెడరల్ కోర్టు ఆ కొత్త నిబంధనల్ని మొత్తంగా కొట్టేసింది. 1975 నాటిది మాత్రం చెక్కుచెదరలేదు.

కాయితం మీద వచ్చినంత మాత్రాన మనుషులు మారిపోతారా? 1998లో కెంటకీలో ఇద్దరమ్మాయిలకి మార్కులన్నీ ఉన్నా నేషనల్ ఆనర్ సొసైటీలోకి తీసుకోలేదు. వాళ్ళ ఊళ్ళో అర్హత ఉన్న మిగతావాళ్ళందరినీ తీసుకున్నారు. శీలం సరిగ్గా లేదన్నారు. మగపిల్లల శీలం ఎలా కొలిచారని కోర్టు అడిగితే జవాబు లేదు, ఎందుకంటే ఎవరినీ అడగలేదు. అంటే గ్రెనాడా తీర్పులోని ఆ మెలిక ముప్ఫై ఏళ్ళయినా బతికే ఉందన్నమాట. ఆ ఇద్దర్నీ చేర్చుకోమని కోర్టు చెప్పింది.

చట్టం అమ్మాయిని లోపలికి తెచ్చింది, బాగానే ఉంది. బిడ్డ సంగతేమిటి? పొద్దున ఏడున్నరకి బడి గంట కొడితే ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి?

నాతో ఒక ప్రాజెక్టులో పనిచేసిన టెస్టరు ఒకావిడ ఉండేది. నా వయసే. ఆవిడ పెద్దకూతురికి అప్పటికే కాలేజీ అప్లికేషన్లు నింపుతోంది. మాకు నర్సరీ రైములు, వాళ్ళకి కాలేజీ ఫీజులు. పదహారేళ్ళకి కన్నానని ఆవిడే చెప్పింది. "చదువు కష్టంగా లేదు, బస్సే కష్టం" అంది. వాళ్ళ బడి కింది అంతస్తులో పసిపిల్లల డేకేర్ ఉండేదట. మధ్యాహ్నం భోజనం వేళ కిందికి దిగి పాలిచ్చి మళ్ళీ క్లాసుకి వెళ్ళేదట. ఆ గది లేకపోతే నేను నీ కోడ్‌లో తప్పులు పట్టేదాన్ని కాదు అని నవ్వేది. చాలా తప్పులే పట్టింది లెండి.

న్యూయార్క్ నగరం 1982లో సరిగ్గా అదే పని మొదలెట్టింది. లైఫ్ అనే పేరుతో హైస్కూళ్ళ లోపలే విద్యార్థుల బిడ్డలకి డేకేర్లు పెట్టారు. అదే నగరంలో 1960ల నించి గర్భవతుల కోసం విడి బడులు కూడా ఉండేవి. అవి మాత్రం మసకబారిపోయాయి. హాజరు లేదు, పాఠాలు నామమాత్రం, గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్ళు అరుదు. 2007లో మిగిలిన నాలుగింటినీ నగరమే మూసేసింది. పిల్లల్ని ఒక మూలకి పంపితే ఆ మూలని ఎవరూ చూడరు.

అలా అని అన్ని విడి బడులూ అంతే అనడం అన్యాయం. మాకు మూడు గంటల దూరంలో డెట్రాయిట్‌లో క్యాథరిన్ ఫెర్గూసన్ అకాడమీ ఉండేది. ఆ పేరు గల ఆవిడ బానిసగా పుట్టి, విడుదలై, సుమారు రెండువందల ఏళ్ళ క్రితం న్యూయార్క్‌లో పేదపిల్లల కోసం ఆదివారపు బడి నడిపింది. తనకి చదవడం, రాయడం రాదు. డెట్రాయిట్ బడిని 1985 నించి ప్రిన్సిపాల్ అసెనాథ్ ఆండ్రూస్ గారు నడిపారు. విద్యార్థినులందరూ గర్భవతులో, తల్లులో. బిడ్డలు అదే భవనంలో ఉంటారు. బడి వెనక, డెట్రాయిట్ నగరం నడిబొడ్డున, ఒక పొలం. మేకలు, కోళ్ళు, తేనెటీగలు, ఓ గుర్రం, కూరగాయల మళ్ళు. ఏదో ఒక కాలేజీనించి సీటు ఇస్తున్నట్టు ఉత్తరం చూపిస్తేనే అక్కడ గ్రాడ్యుయేషన్. జాలిపడి పాస్ చేయించే బడి కాదు. 2009లో వచ్చిన "గ్రోన్ ఇన్ డెట్రాయిట్" అనే డాక్యుమెంటరీలో ఆ పిల్లలు చంకన బిడ్డలతో మట్టిలో పనిచెయ్యడం చూడొచ్చు. మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మేకపాలు పితికే దగ్గర ఆ అమ్మాయిల మొహాలు చూసి అమ్మ తెగ నవ్వింది.

2011 ఏప్రిల్‌లో డబ్బుల్లేవని ఆ బడిని మూసేయబోతే విద్యార్థినులు బయటికి రాకుండా లోపలే కూర్చున్నారు. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. బడి మానేస్తారని అందరూ అనుకునే పిల్లలు, బడి వదలనందుకు అరెస్టయ్యారు! జూన్‌లో ఆఖరి నిమిషాన చార్టర్ స్కూలుగా మార్చి నిలబెట్టారు. మూడేళ్ళు నడిచింది. 2014లో మూతపడింది.

మూతపడడానికి ఒక కారణం మంచిదే, అలాంటి పిల్లలు తగ్గిపోయారు. 1991లో వెయ్యికి దాదాపు 62 ఉన్న లెక్క 2023కి 13కి వచ్చింది. తగ్గడం వల్ల కొత్త చిక్కు కూడా వచ్చింది. ఒకప్పుడు బడికి పాతికమంది ఉంటే డేకేర్ పెట్టేవాళ్ళు. ఇప్పుడు బడికి ఒకరో ఇద్దరో ఉంటే ఎవరు పెడతారు?

డబ్బుతో చేసిన ప్రయోగం కూడా ఒకటి చెప్పాలి, మా రాష్ట్రానిదే కనక. 1989లో ఒహాయో ప్రభుత్వం, సహాయం అందుకునే చిన్నవయసు తల్లులు బడికి సరిగ్గా వెళ్తే నెలకి 62 డాలర్లు ఎక్కువ, వెళ్ళకపోతే 62 డాలర్లు కోత అని పెట్టింది. డేకేర్‌కీ, రానూపోనూ ప్రయాణానికీ సాయం ఉండేది. ఫలితాల్ని ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. అప్పటికి బడిలోనే ఉన్నవాళ్ళు ఆగకుండా చదువు పూర్తిచేసుకోవడానికి ఇది పనికొచ్చింది. అప్పటికే మానేసినవాళ్ళ విషయంలో మాత్రం పెద్ద తేడా రాలేదు. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అనిపించింది. ఒకసారి తెగిన దారాన్ని అతకడం చాలా కష్టం. తెగకుండా చూడడానికి ఖర్చు తక్కువ.

ఇంక మన సంగతి. "మన పిల్లలకి ఈ గొడవలు లేవు" అని వింటున్న మీలో ఎవరైనా అనుకుంటూ ఉండొచ్చు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నించి 19 ఏళ్ళ మధ్య అమ్మాయిల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశం మొత్తానికి అది 6.8, తెలంగాణలో 5.8. ఇరవై నించి ఇరవై నాలుగేళ్ళ మధ్య యువతుల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రాలో నూటికి 29 మంది. అమెరికాలో 1957 గురించి చెప్పాను చూడండి, పెళ్ళయింది కాబట్టి సమస్యగా కనపడలేదని. అదే మన కథ. ఇక్కడ ఆడపిల్లల్ని బడినించి వెళ్ళగొట్టారు. మనం పసుపు కుంకుమలిచ్చి మర్యాదగా మానిపించాం. వెళ్ళగొడితే కోర్టుకైనా వెళ్ళొచ్చు. అక్షింతలు వేసి పంపిస్తే ఎవరి మీద కేసు వేస్తాం?

మనవాళ్ళలో దీన్ని గుర్తించినవాళ్ళు లేకపోలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి రాజమండ్రిలో ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళినించి బయటికొచ్చి, మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, లా దాకా చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్ళని మెట్రిక్ పరీక్షకి తయారుచెయ్యడం అక్కడ ఒక ముఖ్యమైన పని. ఆవిడ తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో ఇదే ఆలోచనని కండెన్స్‌డ్ కోర్సుల పేరుతో దేశమంతా పెట్టింది. ఎన్నో ఏళ్ళ చదువుని రెండేళ్ళలోకి కుదించి, వితంతువులకీ, భర్త వదిలేసినవాళ్ళకీ, పిల్లల తల్లులకీ చెప్పించారు. గొప్ప పని. కానీ అది దారం తెగిన తర్వాత అతికే పనే. తెగకుండా ఆపే నియమం, అక్కడి 1975 నిబంధనలాంటిది, మన బడులకి ఇప్పటికీ లేదు. యూనివర్సిటీలకి మాత్రం, విద్యార్థినులకి ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఉండేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో యూజీసీ లేఖ రాసింది.

మా అమ్మకి పదో తరగతి 1988లో అయింది. మరుసటి ఏడు వేసవిలో, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలవగానే పెళ్ళి చేశారు. రెండో సంవత్సరంలో చేరింది కూడా. 1990లో నేను పుట్టాను. ఇదంతా నాకు తెలిసిందే. తెలియంది ఏమిటంటే, నేను కడుపులో ఉండగా అమ్మ ఆర్నెల్ల దాకా కాలేజీకి వెళ్ళిందని. ఎవరూ పొమ్మనలేదట. "ఒకరోజు మేడం స్టాఫ్‌రూంకి పిలిచి, ఎందుకమ్మా ఈ అవస్థ, కాన్పయ్యాక వద్దువుగాని అన్నారు. మంచిగానే అన్నారు పాపం" అంది. నేను పుట్టాక మూడో నెలలో నాయనమ్మ ముందు ఆ మాటెత్తితే, పిల్లాణ్ణి ఎవరు చూస్తారంది నాయనమ్మ. అంతటితో సరి. ఆ చూడాల్సిన పిల్లాణ్ణి నేనే కాబట్టి, ఈ చరిత్రలో నేను కూడా ఒక అడ్డంకినే.

2003లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, అమ్మ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైన ఆ సంస్థ, ఇంటర్ పాసవని వాళ్ళకి కూడా ఒక పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేది. ఆదివారాలు స్టడీ సెంటర్‌లో క్లాసులు. నాన్న మమ్మల్ని క్రికెట్‌కి తీసుకెళ్ళేవాడు. ఆ మూడేళ్ళూ మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనం పొద్దుటి పులిహోరే. బి.ఏ. పాసైంది. ఆ డిగ్రీతో ఉద్యోగం ఏదీ చెయ్యలేదు. ఎందుకు చదివావమ్మా అని నేను అప్పట్లో అడిగాను కూడా, సిగ్గులేకుండా.

వింటున్నవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి. టైటిల్ నైన్ హైస్కూళ్ళకే కాదు, ఫెడరల్ డబ్బు తీసుకునే కాలేజీలకీ, యూనివర్సిటీలకీ వర్తిస్తుంది. అంటే దాదాపు అన్నిటికీ. ఎమ్మెస్ మధ్యలో నెల తప్పిన మన అమ్మాయిలు, ఎవరికీ చెప్పుకోలేక సెమిస్టరు వదిలేసుకున్నవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. ఇద్దరూ తిరిగి వెళ్ళలేదు. ప్రతి యూనివర్సిటీలో, ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో టైటిల్ నైన్ కోఆర్డినేటర్ అని ఒకరు ఉండాలి, అదీ నిబంధనే. వాళ్ళని అడగండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు డాక్టరు రాసిచ్చిన కాయితంతో కోర్సులు తగ్గించుకోవడానికి దారి ఉంది, కాకపోతే తగ్గించుకోకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. తర్వాత చెప్తే వీసా చిక్కుల్లో పడుతుంది.

అమ్మ తిరిగి వెళ్ళిపోయే ముందు వారం, నేను చదివినదంతా వంటింట్లో కూర్చుని చెప్పాను. 2:16 కథకి నవ్వింది. పుచ్చకాయ కథకి, "మా కాలేజీలోనూ అన్నార్రా అలాగే" అంది. చివర్న ఆ 1975 నిబంధనని ఫోన్లో చూస్తూ తెలుగులో చెప్పాను. తిరిగొచ్చాక, వెళ్ళేటప్పుడు ఏ స్థానంలో ఉందో అక్కడే చేర్చుకోవాలన్న ముక్క దగ్గర నన్ను ఆపి, మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

"అంటే సెకండియర్‌లోనే కూర్చోబెడతారన్నమాట" అంది. కాసేపు ఊరుకుని, కుక్కర్ ఎన్ని విజిల్స్ వచ్చాయో చూశావా అని అడిగింది.